కొండ కడుపులో పదహారు దూలాలు

ఎండ నడినెత్తికి ఎక్కిన వేళ తామ్రగిరి కోట తూర్పు దిడ్డివాకిలి ముందు ఒక వడ్రంగి వచ్చి నిలిచాడు. తలకు ముతక పాగా, మోకాళ్లపైకి ఎగగట్టిన పంచె, భుజాన పనిముట్ల సంచి. ఆ పాగా కింద బారెడు జడ చుట్టచుట్టి ఉన్నదనీ, ప్రోలోజు అని చెప్పుకుంటున్న ఆ మనిషి అసలు పేరు ప్రోలమ్మ అనీ కనిపెట్టగలవాడు ఆ కోటలో ఒక్కడే. ఆ ఒక్కడూ సంకెళ్లలో ఉన్నాడు. అతడు ఆమె తండ్రి బసవోజు.

తండ్రిని బంధించారన్న కబురు అందగానే ప్రోలమ్మ బయలుదేరింది. మూడు పగళ్లలో రెండు అడవులూ, పొంగుతున్న ఒక ఏరూ దాటి వచ్చింది. కాళ్లు పుళ్లు పడ్డాయి. కళ్లు మాత్రం నిప్పుకణికల్లా ఉన్నాయి.

"ఎవడ్రా నువ్వు?" అన్నాడు కాపలావాడు రేచన, ఈటెకు చేరగిలబడి.

"వడ్రంగినన్నా."

"ఇవాళ వడ్రంగుల గ్రహచారం బాగాలేదు. లోపల ఒకణ్ణి ఓడ ఎక్కిస్తున్నారు. రేపు రా."

"అందుకేగా ఇవాళ వచ్చింది! ఆ వడ్రంగి చేసిన తప్పేమిటో తెలుసుకుంటే, నేను చెయ్యకుండా ఉంటాను గదా."

రేచన పడీపడీ నవ్వాడు. "మూతి మీద నూగు లేదు గానీ మాటలు మూటలు మూటలుగా ఉన్నాయిరా నీ దగ్గర. పో, పో. స్థపతి మకరాంకుల వారి కంట మాత్రం పడకు. ఆయన చూపు మంచిది కాదు."

దిడ్డి దాటగానే ప్రోలమ్మ ఒక్క క్షణం కదలలేకపోయింది. సముద్రంలోకి తొంగిచూస్తున్నట్టుగా ఎర్రని కొండ. ఆ కొండవాలున మెట్లు మెట్లుగా ఏడు అంతస్తుల తోట. అడుగున కలువల కొలను, దానిపైన మొల్ల పందిళ్లు, ఆపైన దానిమ్మలు, గోరింటలు, పొగడలు. అన్నిటికీ పైన, ఆకాశానికి చేతులెత్తినట్టు పన్నెండు సంపెంగ చెట్లు. కీర్తిశేషురాలైన రాణి హేమలేఖ స్వహస్తాలతో నాటిన చెట్లవి. వాటి పరిమళం ఓడల తెరచాపల్లో చిక్కుకుని పరదేశాల దాకా పోతుందని నావికులు చెప్పుకునేవారు.

ఆ సంపెంగల బరువూ, వాటి కింది మట్టి బరువూ మోస్తున్నది బసవోజు కట్టిన కొయ్యగోడ.

అంతకుముందు అక్కడ రాతిగోడలు మూడుసార్లు కట్టారు. మూడుసార్లూ తొలకరికే పొట్టలు ఉబ్బి పగిలిపోయాయి. అప్పుడు బసవోజును పిలిపించారు. ఆయన చేవదేరిన టేకు మానులను నలుపలకల దూలాలుగా చెక్కాడు. కాలువ తీసి, రాళ్లు పోసి దిమ్మిస కొట్టి, దానిమీద మొదటి వరస పరిచాడు. ఏ రెండు వరసల అతుకులూ ఒకదాని మీద ఒకటి రాకుండా జరిపి జరిపి పేర్చాడు. మూలల్లో ఒక్కొక్క దూలాన్నీ సగం మందం చెక్కి, ఒకదాని ఒడిలో ఒకటి కూర్చోబెట్టి చండ్రకొయ్య చీలలు దిగగొట్టాడు. గోడ వెనక రెండు మూరల వెడల్పున ఏటి గులకరాళ్లు నింపాడు, కొండ ఊట వాటిలోంచి సులువుగా కిందికి జారడానికి. ఆ నీరు బయటికి పోవడానికి అడుగు వరసలో అరచేయి పట్టేంత కంతలు వదిలాడు. ఇంత చేసీ, పదహారు చోట్ల ఎనిమిది మూరల దూలాలను గోడలోంచి సూటిగా కొండలోకి పంపి, వాటి చివర అడ్డకొయ్యలు బిగించి పూడ్చాడు. వాటిని లంగరు దూలాలంటారు. బయటికి కనిపించేవి వాటి తలలు మాత్రమే.

రెండేళ్లు గడిచినా ఆ గోడ వెంట్రుక వాసి కదలలేదు. దానికి బసవోజుకు దక్కిన బహుమానం ఇనుప సంకెళ్లు!

గోడ ముందు పందిరి కింద మహారాజు ఉదయార్కుడు కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కన స్థపతి మకరాంకుడు. ఆరు నెలల కిందట ఎక్కడినుంచో వచ్చి, తియ్యని మాటలతో రాజు మనసు చూరగొన్నవాడు. ఎదురుగా బసవోజు. కింద రేవులో నల్లని ఓడ ఒకటి తెరచాప విప్పి సిద్ధంగా ఉంది. అది ఉప్పుదీవికి పోయే ఓడ. అక్కడికి పంపినవాళ్లు బతికినన్నాళ్లూ ఉప్పు కాచవలసిందే. వెళ్లే ఓడలే గాని, అక్కడినుంచి మనుషులను తెచ్చే ఓడ లేదు.

"కొండెక్కిన దూలాలు అరవై నాలుగు. గోడలో ఉన్నవి నలభై ఎనిమిది," అంటున్నాడు మకరాంకుడు. "తక్కిన పదహారూ ఏమయ్యాయయ్యా అంటే కొండలో ఉన్నాయంటాడు. బంగారంలాంటి టేకును మట్టిలో పాతిపెట్టే వెర్రివాడు ఎక్కడైనా ఉంటాడా ప్రభూ?"

"తవ్వి చూసుకోండి," అన్నాడు బసవోజు.

"తవ్వితే రాణిగారి సంపెంగల వేళ్లు తెగుతాయని తెలిసే అంటున్నాడు. ఎంత జిత్తులమారో చూశారా!"

రాజు ముఖం తిప్పుకున్నాడు. "ఆ చెట్ల దగ్గర గునపం పడటానికి వీల్లేదు. ఓడ ఎక్కించండి."

ప్రోలమ్మకు ఒళ్లు మండిపోయింది. గోడ కట్టించుకున్నారు, దాని నీడన కూర్చున్నారు, అది ఎలా నిలబడిందో అడిగిన పాపాన మాత్రం ఒక్కరూ పోలేదు! సంచీలోంచి కొయ్యసుత్తి తీసి, జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది.

"తవ్వక్కర్లేదు దొరా. నేను చూపిస్తాను."

"నువ్వెవరు?" అన్నాడు రాజు.

"పొరుగు దేశం వడ్రంగిని, ప్రోలోజంటారు. తమరు చెప్పులు విడిచి ఆ సంపెంగల మధ్య వట్టి కాళ్లతో నిలబడండి. నేనిక్కడ లంగరు తల మీద కొడతాను. దూలం నిజంగా ఎనిమిది మూరలుంటే ఆ దెబ్బ తమరి అరికాలికి తెలుస్తుంది. లేకపోతే తెలియదు. సాక్ష్యం చెప్పేది నేనూ కాదు, ఆయనా కాదు, తమరి కాలే."

"మహారాజు వట్టి కాళ్లతో మట్టిలో నిలబడాలా?" అని మకరాంకుడు గద్దించాడు.

"ఒక మనిషి బతుకంతా ఉప్పులో నిలబడబోతున్నాడు స్వామీ. మహారాజు ఒక్క గడియ మట్టిలో నిలబడలేరా?"

రాజు కళ్లు ఎర్రబడ్డాయి. కానీ లేచాడు. బంగారు పాదుకలు విడిచి, మెట్లెక్కి, సంపెంగల మధ్యకు పోయి నిలుచున్నాడు. ప్రోలమ్మ మొదటి లంగరు తల మీద సుత్తితో బలంగా కొట్టింది.

"ఆ!" అన్నాడు రాజు పైనుంచి. ఆ ఒక్క మాటలో చిన్నపిల్లవాడి ఆశ్చర్యం ఉంది. "తెలిసింది! కాలికింద ఎవరో తలుపు తట్టినట్టుంది!"

రెండోది. తెలిసింది. మూడోది తెలిసింది. ఎనిమిదింటి దాకా రాజు అవునంటూనే ఉన్నాడు. జనం గుసగుసలు పెరిగాయి. సంకెళ్లలో ఉన్న బసవోజు తల వంచి నేల చూస్తున్నాడు. ఆ దెబ్బ ఎవరిదో ఆయనకు మొదటిసారే తెలిసిపోయింది. మణికట్టు విదిలించి కొట్టే ఆ తీరు తాను నేర్పిందే.

తొమ్మిదోది కొట్టింది. రాజు పలకలేదు. మళ్లీ కొట్టింది.

"ఏమీ లేదు," అన్నాడు రాజు.

పదోదీ లేదు. పదకొండోదీ లేదు. పదహారు దాకా ఒక్కటీ లేదు. మకరాంకుడు చప్పట్లు కొట్టాడు. "ఎనిమిది పెట్టి ఎనిమిది మింగాడు. సగం దొంగ కూడా దొంగే కదా ప్రభూ!"

"పదహారూ నా చేత్తో పెట్టాను!" అని అరిచాడు బసవోజు. "నా తల్లి మీద ఆన! పదహారూ పెట్టాను!"

ప్రోలమ్మ చెవి గోడకు ఆనించింది. తొమ్మిదో దూలం దగ్గర శబ్దం మట్టి శబ్దం కాదు. మద్దెల శబ్దం. అక్కడ గోడ వెనక బోలుగా ఉంది! కింద చూసింది. ఊట కంతలు ఒక్కటీ కనబడలేదు. సున్నంతో నున్నగా పూడ్చి, పైన తామరపూలు చిత్రించి ఉన్నాయి.

"ఈ కంతలు మూసిందెవరు?"

"నేనే," అన్నాడు మకరాంకుడు. "ఏడాది పొడుగునా బురద కక్కుతూ రాణిగారి తోటకు అప్రతిష్ఠగా ఉంటేనూ!"

"స్థపతివా నువ్వు? కొండ నీరు బయటికి పోయే దారి మూసి దాని మీద పువ్వులు గీస్తావా? ఏదీ, నీ చెయ్యి చూపించు! ఒక్క కాయ లేదు. ఉలి పట్టిన చెయ్యేనా అది?"

మకరాంకుడు చేతులు ఉత్తరీయంలో దాచుకున్నాడు. కానీ రాజు అది చూడలేదు. ఆయన అవమానభారంతో మెట్లు దిగుతున్నాడు. వట్టి కాళ్లతో మట్టిలో నిలబడి చివరికి మోసపోయానన్న ఉక్రోషం ఒక్కటే ఆయనకు మిగిలింది.

"తీసుకుపొండి!" అన్నాడు.

భటులు బసవోజును నడిపించారు. ప్రోలమ్మ పక్కగా పోతూ ఆయన ఒక్క అడుగు ఆగాడు. కూతురు ముఖం వంక చూడలేదు, చూస్తే దాగదని. "అబ్బాయ్, దెబ్బ బాగుంది. ఆ సుత్తి పిడి వదులైంది, బిగించుకో," అన్నాడు. "నాన్నా" అన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. మింగింది. "అలాగే పెద్దాయనా" అని మాత్రం అనగలిగింది. ఆ ముసలి భుజాలు, ఆమెను ఎక్కించుకుని ఊళ్లన్నీ తిప్పిన భుజాలు, మెట్ల మలుపులో కనుమరుగయ్యాయి.

ఏడుస్తూ కూర్చునే సమయమా అది? ప్రోలమ్మ గోడ వెంబడి పరుగు తీసింది. వెనక బోలు చేశారంటే, అక్కడున్న గులకరాళ్లు ఎటో పోయి ఉండాలి. తోట దక్షిణపు కొసన, కొండకు ఆనుకుని మకరాంకుడి రంగుల పాక. ఎప్పుడూ తాళం వేసి ఉంటుంది. దాని వాకిట్లో, బాటంతా పరిచి, నున్నని ఏటి గులకరాళ్లు! తొమ్మిదేళ్ల వయసులో తండ్రితో ఏట్లో మునిగి అలాంటివి ఎన్ని ఏరిందో!

సంచీలోని బాడిశ తీసి కొట్టిన దెబ్బకు తాళం ఊడింది. పాకలో రంగూ లేదు, కుంచే లేదు. వెనక గోడ ఉండవలసిన చోట కొండలోకి పల్లంగా నోరు తెరుచుకున్న సొరంగం. ప్రోలమ్మ వంగి లోపల దూరింది. పది అడుగులు వేసేసరికి నీళ్లు మోకాలి దాకా వచ్చాయి. ఇరవై అడుగులకు నడుము దాకా. దూరాన ఎక్కడో దివ్వె వెలుతురు. ఆ వెలుతురులో ఎడమ పక్క తండ్రి కట్టిన గోడ వీపు కనిపించింది. కోసేసిన లంగరు దూలాల మొండేలు వరసగా బయటికి పొడుచుకు ఉన్నాయి. తెగిన వేళ్లలాగా. కోసిన ఆరు మూరల ముక్కలను పీకి, సొరంగం కూలకుండా అటూ ఇటూ గుంజలుగా పాతారు. ప్రతి గుంజ మీదా బసవోజు ఉలిగుర్తు, చిన్న చేప బొమ్మ, చెక్కుచెదరకుండా ఉంది.

దొంగిలించినవాడే, దొంగ అన్న మాటను తండ్రి నెత్తిన రుద్ది, ఆ కొయ్య నీడనే నడుస్తున్నాడు!

"రా, రా, వడ్రంగీ," అన్న మాట వినిపించింది. "ఇంత త్వరగా వస్తావనుకోలేదు. నాకు తాళాలతో పనిలేదు, అందుకే నీకంటే ముందే వచ్చాను."

సొరంగం కొసన మనిషెత్తు రాగి తలుపు. దాని ముందు నడుముల్లోతు నీటిలో మకరాంకుడు. ఇప్పుడతని నెత్తిన తలపాగా లేదు. జడలు కట్టిన జుట్టు, నుదుట బూడిద రేఖలు, చేతిలో నల్లని మంత్రదండం. స్థపతి వేషం వేసుకున్న మాంత్రికుడు వాడు!

"ఈ తలుపు వెనక వెయ్యిమంది రాగి భటులు నిద్రపోతున్నారు. వాళ్లను లేపినవాడిదే ఈ రాజ్యం. తలుపు గడియ మనిషి చేతికి లొంగదు. నీళ్లు ఎత్తుకు వచ్చినప్పుడు తేలి, దానంతటదే ఊడుతుంది. ఇంకొక్క జానెడు నీరు చాలు. అందుకే కంతలు మూయించాను. గోడ పగిలి తోట, కోట, రేవు కొట్టుకుపోతే బసవోజు చేతగానితనం అనుకుంటారు. ఎలా ఉంది నా పని?"

ప్రోలమ్మ పక్కనున్న గుంజను తట్టి చూసింది. "ఈ గుంజలు పెట్టింది నువ్వేనా?"

"నేనే. ఏం?"

"తలమీద గాడి లేదు. కింద దిమ్మె లేదు. అదిగో, వాకిలి దగ్గరిదైతే అసలు బరువే మొయ్యడం లేదు, ఊరికే నిలబడి ఉంది చుట్టంలాగా! మంచి కొయ్య నీ చేతిలో పడి ఇంత అన్యాయమైపోయిందేమయ్యా! రాజ్యం ఏలుతాడట! ఒక గుంజ నిలబెట్టడం రానివాడు!"

వెయ్యి శాపాలకు చలించనివాడు ఆ మాటకు ఉడికిపోయాడు. దండం ఎత్తి ఏదో గొణిగాడు. ప్రోలమ్మ పాదాలు చల్లబడ్డాయి. చూస్తుండగానే పాదాలు, చీలమండలు, పిక్కలు రాగిగా మారిపోయాయి! ఆ బరువు ఆమెను అడుగు బురదలోకి కుంగదీసింది.

అదే ఆమెకు కావలసింది. ఊట కంతలన్నీ అడుగునే ఉన్నాయి!

ఊపిరి బిగబట్టి నీళ్లలో మునిగింది. చేతులతో తడిమి మొదటి కంత పట్టుకుంది. సంచీలోంచి బరమా తీసి సున్నంలో గుచ్చి తిప్పింది. రాగి మోకాళ్లకు ఎక్కింది. తిప్పింది. రాగి తొడలకు పాకింది. గుండె పగిలిపోతున్నట్టుంది. ఇంకొక్క తిప్పు. ఫట్టున సున్నం పెళ్ల ఊడి బయటికి ఎగిరింది. నీరు ఏనుగు తొండంలోంచి చిమ్మినట్టు దూసుకుపోయింది. ఆ వడికి పక్క కంత దానంతటదే తెగింది, దాని పక్కది, ఆ పక్కది. నీరు చరచరా దిగిపోయింది. సగం తేలిన రాగి గడియ ధనాలున పడి, మాంత్రికుడి దండాన్ని మధ్యకు విరిచేసింది.

దండం విరగగానే ప్రోలమ్మ కాళ్లు మళ్లీ కాళ్లయ్యాయి. మాంత్రికుడు గావుకేక పెట్టి, పెద్ద గద్దగా మారి, ఆమె నెత్తిమీదుగా సొరంగం దాటి ఎగిరిపోయాడు. వాడి రెక్క తగిలి పాగా ఊడింది. జడ వీపున జారింది.

బయట తామరపూలన్నీ చెదిరి, బురదనీరు మహారాజు మోకాళ్లదాకా పారుతోంది. గద్ద వెలువడిన పాకలోకి ఆయన పరుగెత్తుకు వచ్చాడు, వెనకే రేచనా భటులూ. జడ వేలాడుతున్న వడ్రంగిని చూశారు. కోసిన మొండేలను చూశారు. గుంజల మీద చేప గుర్తులను చూశారు.

"బసవోజు చెప్పింది నిజం," అన్నాడు రాజు. ముఖంలో నెత్తురు లేదు.

"ఆయన కూతుర్ని దొరా నేను. నిజమని ఆయన పొద్దుటినుంచీ చెబుతూనే ఉన్నాడు."

"శంఖం ఊదండి! ఓడను వెనక్కి పిలవండి!"

బయటికి వచ్చి మూడుసార్లు శంఖం ఊదారు. రేవు దాటి పోతున్న నల్లఓడ వెనక్కి తిరగలేదు. పైగా రెండో తెరచాప ఎత్తింది. తెరచాప స్తంభం కొసన పెద్ద గద్ద ఒకటి వాలి రెక్కలు ముడుచుకుంది.

"నా నావికులు నా శంఖానికి పలకకపోవడమేమిటి?"

"వాళ్లు తమ నావికులని ఎవరు చెప్పారు దొరా? వాణ్ణి స్థపతి అని చెప్పినవాళ్లేనా?"

రాజు తల దించుకున్నాడు. "అమ్మాయీ, తప్పు నాది. నీ తండ్రి కాలికి గండపెండేరం తొడుగుతాను."

"ఏ కాలికి దొరా? ఇక్కడ లేని కాలికా?" ఆమె నల్లఓడ వైపు చెయ్యి చూపింది. "ఇంకో ఓడ ఇప్పించండి."

"రేపు ఉదయం దాకా రేవులో ఇంకో ఓడ లేదమ్మా," అన్నాడు రేచన మెల్లగా.

ప్రోలమ్మ వెనుదిరిగింది. సొరంగం వాకిట్లోకి పోయి, బరువు మొయ్యని ఆ గుంజను కౌగిలించి ఒక్క ఊపున పెకలించింది. కప్పు నుంచి చిటికెడు మట్టి కూడా రాలలేదు. "ఇంకో గుంజ ముట్టుకోకండి. గోడకు కొత్త లంగరులు పడేదాకా ఆ కంతలు మూయకండి," అని రాజుకు చెప్పి, దూలం ఒక కొస తను ఎత్తింది. రెండో కొస రేచన భుజాన వేసుకున్నాడు. ఇద్దరూ మెట్లమీదుగా రేవులోకి దిగారు.

"పిచ్చిదానా, అది సముద్రమే!" అన్నాడు రేచన.

"టేకు తేలుతుందన్నా. మా నాన్న ఎంచిన కొయ్య."

దూలాన్ని అలలోకి తోసి, దానిమీదికి బోర్లా ఎక్కింది. మొదటి అల ఆమెను ఒడ్డుకే విసిరింది. మళ్లీ తోసింది. రెండో అల దాటింది. ఎదర, అస్తమించబోతున్న సూర్యుడి ఎర్రని బాట మీద నల్లఓడ చిన్నదవుతోంది. ఓడ వెనక అంచున సంకెళ్లతో ఒక ముసలి మనిషి లేచి నిలబడి ఒడ్డుకేసి చూస్తున్నాడు. స్తంభం మీది గద్ద మెడ తిప్పి ఆమెను చూసింది. చూసి రెక్కలు విప్పింది.

ప్రోలమ్మ బాడిశ పిడిని పళ్లతో కరిచి పట్టుకుని, రెండు చేతులా సముద్రాన్ని వెనక్కి తోసింది.